శరత్కాలం: తెలుగు నేల మీద పంటలు, పశువులు, మాసూళ్లు

పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. ఇంచుమించుగా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు చివరి దాకా. కావ్యాల్లో ఈ ఋతువుకు వెన్నెల, తామరపూలు, తేటపడిన ఏటి నీళ్లు పేరు తెచ్చాయి. రైతు ఇంట్లో మాత్రం ఏడాది మొత్తంలో గుండె దడదడలాడే రోజులు ఇవే. పెట్టుబడి అంతా పొలంలో ఉంటుంది, అప్పు నెత్తిమీద ఉంటుంది, గింజ ఇంకా గాదెకు చేరదు. చలిదేశాల ఆకురాలు కాలంతో మన శరత్తుకు పోలిక తక్కువ. అక్కడి రైతుకు మంచు భయం, ఇక్కడి రైతుకు వాన భయం. జూన్‌లో ఏ వాన కోసం ఆకాశం వైపు చూశాడో, నవంబరులో అదే వాన రాకూడదని మొక్కుకుంటాడు.

గాలి మళ్లే రోజులు

భారత వాతావరణ శాఖ 2020లో సవరించిన తేదీల ప్రకారం నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు 17 ప్రాంతంలో వాయవ్య భారతం నుంచి వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు 15కల్లా దేశమంతటా తప్పుకుంటాయి. మరో వారం లోపే ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. సూర్యుడు దక్షిణానికి జరగడంతో ఉత్తరాన నేల చల్లబడుతుంది, గాలి దిశ తిరగబడి బంగాళాఖాతం మీదుగా కోస్తాకు వస్తుంది. సముద్రం మాత్రం అంత త్వరగా చల్లారదు. ఆ వేడినీటి మీద అల్పపీడనాలు పుట్టి వాయుగుండాలుగా, తుఫాన్లుగా బలపడతాయి. బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు కాలాలున్నాయి: వేసవి చివర ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. రెండోదే ఎక్కువ ప్రమాదకరం, అందులోనూ నవంబరు.

ఈ వాన అన్ని జిల్లాలకూ ఒకేలా పడదు. తెలంగాణకు ఏడాది వర్షంలో దాదాపు అయిదింట నాలుగు వంతులు నైరుతిలోనే వస్తుంది, శరత్తులో పడేది కొద్దిపాటి. ఆంధ్రప్రదేశ్‌కు మూడో వంతు దాకా ఈశాన్యం ఇస్తుంది. నెల్లూరు సంగతి పూర్తిగా వేరు, ఆ జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న మూడు నెలల్లోనే కురవాలి. కోనసీమ రైతును భయపెట్టే మబ్బే నెల్లూరు చెరువును నింపుతుంది. ఎల్‌నినో ఏడాదుల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎల్‌నినో సాధారణంగా నైరుతిని దెబ్బతీస్తుంది, ఈశాన్యాన్ని మాత్రం తరచుగా బలపరుస్తుంది. ఎండకు ఎండిపోగా మిగిలిన పంట కోతల్లో తడిసిపోవడం అందుకే.

రైతులు ఇప్పటికీ ఈ కాలాన్ని కార్తెల్లో కొలుస్తారు. ఉత్తర, హస్త, చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతలో ఉన్నది మెట్ట రైతు లెక్క. సెప్టెంబరు ద్వితీయార్ధంలో వచ్చే ఉత్తర కార్తెలో కూడా చినుకు లేకపోతే ఆ ఊళ్లో ఆ ఏడు తిండి దొరకదు, గంప ఎత్తుకుని వలస పోవలసిందే. హస్త, చిత్త కార్తెల వాన కంది, పత్తి, మిరపలకు ఊపిరి పోస్తుంది. స్వాతి దాటాక పడే వానను మాగాణి రైతు ఇష్టపడడు.

వరి: ఈనిక నుంచి కళ్లం దాకా

వానాకాలం వరికి, డెల్టా మాటలో సార్వాకు, శరత్తు అంటే పొట్ట, ఈనిక, పాలు పోసుకోవడం, గింజ గట్టిపడడం, కోత. ఒక్కో దశలో ఒక్కో రకం వాతావరణం కావాలి. పాత రకాల్లో చాలావాటికి పగటి పొద్దు కుదించుకుపోవడమే పూతకు సంకేతం, అందుకే ఎప్పుడు నాటినా దాదాపు ఒకే రోజుల్లో ఈనేవి. ఇప్పటి రకాలు ఎక్కువగా రోజుల లెక్క మీద నడుస్తాయి. వరిపూలు పొద్దెక్కాక, మధ్యాహ్నంలోపు కొద్దిసేపే విచ్చుకుంటాయి. ఆ వేళ ముసురు పట్టి రెండు మూడు రోజులు విడవకపోతే పుప్పొడి తడిసి ఫలదీకరణ జరగదు, తాలు గింజలు పెరుగుతాయి. పూత మీద మబ్బు, తేమ కలిసొస్తే మానిపండు తెగులు వస్తుంది. కంకిలో అక్కడక్కడా గింజ ఉబ్బి పసుపు ముద్దగా మారి, తర్వాత ఆకుపచ్చ, నలుపు పొడి రాలుస్తుంది. రాత్రి చల్లగా, తెల్లవారుజామున మంచు కురిసేటట్టు ఉంటే అగ్గితెగులు మెడకు పాకుతుంది. దాన్నే మెడవిరుపు అంటారు. కంకి బయటికి బాగానే కనిపిస్తుంది, మెడ దగ్గర నల్లబడి విరిగి వేలాడుతుంది, గింజలో పాలు ఉండవు.

అక్టోబరు, నవంబరుల్లో వరి రైతు ఎక్కువగా భయపడే పురుగు సుడిదోమ. పొలం గట్టున నిలబడితే ఇది కనిపించదు. దుబ్బులు విడదీసి మొదలు చూడాలి, నీటి మట్టానికి కాస్త పైన గోధుమరంగు దోమలు గుంపులుగా అంటుకుని రసం పీలుస్తుంటాయి. గాలిలో తేమ ఎక్కువై, ఎండ తగ్గి, పొలంలో నీరు నిలిచి, యూరియా అతిగా పడి ఉంటే వారం పది రోజుల్లో పొలం మధ్యన చేటంత మేర ఎండినట్టవుతుంది. ఆ గుండ్రం రోజురోజుకూ పెద్దదవుతుంది. మందు కంటే ముందు చేయవలసినవి రెండున్నాయి: పొలంలో నీరు తీసేయడం, నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలడం. బాటల గుండా గాలి, వెలుతురు మొదళ్లకు చేరితే దోమకు అక్కడ నెలవు ఉండదు. మందు కొట్టవలసి వచ్చినా ఆ బాటల్లో నడిస్తేనే మొదలు తడుస్తుంది. ఆకుల పైన కొట్టి వచ్చిన మందు డబ్బు దండుగ.

పంట చేతికొచ్చే పది పదిహేను రోజుల్లో గాలివాన వస్తే చేను పడిపోతుంది. పడిపోయిన చేనులో అసలు నష్టం మూడో రోజు నుంచి మొదలవుతుంది. కంకి నీటిలో ఆనిన చోట గింజ కొసన తెల్లటి మొన కనిపిస్తుంది, మరునాటికి అది వేరవుతుంది, ఆపైన పచ్చని మొలక లేస్తుంది. పంట నిలబడి ఉండగానే మొలకెత్తుతుందా లేదా అన్నది రకం మీద ఆధారపడి ఉంటుంది. రెండు మూడు వారాల నిద్రావస్థ ఉన్న రకాలు వానకు తట్టుకుంటాయి, అది లేనివి వెంటనే మొలుస్తాయి. విత్తనం ఎంచుకునేటప్పుడు దిగుబడి, సన్నం, ధర అడిగే రైతు, కోస్తాలో అయితే నిద్రావస్థ గురించి కూడా తప్పక అడగాలి. పడిన చేను నుంచి వీలైనంత త్వరగా నీరు తీసి, నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టడం, లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేయడం మన శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా చెబుతున్న ఉపాయాలు. ఉప్పు మొలకను అడ్డుకుంటుంది. నూర్చిన ధాన్యం తడిగా ఉండి ఎండబెట్టే దారి లేకపోతే క్వింటాలుకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచితే కొన్ని రోజులు గింజ రంగు మారకుండా, మొలక రాకుండా ఆగుతుంది.

కోత పద్ధతి మారడంతో వాన దెబ్బ తగిలే చోటు కూడా మారింది. పూర్వం కొడవలితో కోసి, పనలు మూడు నాలుగు రోజులు చేలోనే ఆరనిచ్చి, కట్టలు కట్టి కుప్ప వేసేవారు. కుప్ప మీద గడ్డి కప్పితే ఎంత వానైనా పైనుంచి జారిపోయేది. నూర్పు సంక్రాంతికి అటూ ఇటూ నింపాదిగా జరిగేది. ప్రమాదం పనలు నేల మీద ఉన్న ఆ మూడు నాలుగు రోజులకే పరిమితం. ఇప్పుడు కోత యంత్రం గంటలో ఎకరం కోసి ధాన్యాన్ని ట్రాక్టరులో పోస్తుంది. ఆ గింజలో తేమ 20 శాతం పైనే ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు పరిమితి 17 శాతం. ఆ మూడు నాలుగు శాతం తేమ తీయడానికే ఊరి రోడ్లన్నీ కళ్లాలవుతున్నాయి.

నవంబరు చివరి వారంలో బాపట్ల, గుడివాడ, భీమవరం చుట్టుపక్కల ఏ దారిన వెళ్లినా ఇదే దృశ్యం. రోడ్డుకు ఒక పక్కన బరకాల మీద ధాన్యం పరిచి ఉంటుంది, ఆడవాళ్లు వరసగా నడుస్తూ పాదాలతో గింజను తిరగేస్తుంటారు. సాయంత్రం నాలుగు కాకముందే పోగు చేసి, బరకం కప్పి, అంచుల మీద రాళ్లు పెడతారు, రాత్రి మంచుకు తీసిన తేమ మళ్లీ ఎక్కుతుంది కాబట్టి. మరునాడు పొద్దున పోగులో చెయ్యి పెట్టి చూస్తారు, వెచ్చగా తగిలితే లోపల గింజ ముక్కిపోతున్నట్టే. రెండు గింజలు పంటి కింద వేసి కొరుకుతారు, పటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. ఈ లోగా తుఫాను హెచ్చరిక వస్తే, చేలో నిలబడ్డ పంటను కోయాలా, వదిలేయాలా అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు. ఎండబెట్టే యంత్రాలు ఊరూరా అందుబాటులోకి రాకుండా కోత యంత్రాలు మాత్రమే రావడం మన వరి సాగులో జరిగిన పెద్ద పొరపాటు.

గుర్తుండిపోయిన తుఫాన్లు

1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో దాదాపు పది వేల మంది చనిపోయారు. కోతకొచ్చిన వరి, కట్టుగొయ్యన ఉన్న పశువులు కలిసి కొట్టుకుపోయాయి, ఉప్పునీరు నిలిచిన పొలాలు తేరుకోవడానికి కాలం పట్టింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు మొదళ్లతో సహా కూలాయి. 2013లో అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఫైలిన్, హెలెన్, లెహర్ వరసగా వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ, విజయనగరం జిల్లాల అరటి, చెరకు, జీడిమామిడిని నేలకు వంచింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం ఉద్దానం కొబ్బరిని తుడిచిపెట్టింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి చాలావరకు ఇంకా పొలాల్లోనే ఉంది.

వరి పోతే ఒక పంట పోయినట్టు. కొబ్బరి కూలితే కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు, పూర్తి దిగుబడికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఉద్దానం రైతు నష్టాన్ని ఎకరాకు ఇంత అని ఒకేసారి లెక్కగట్టి ఇచ్చే పరిహారం ఆ కారణంగానే సరిపోదు.

మెట్ట పంటలు

తెలంగాణలో శరత్తు అంటే పత్తి. 40 లక్షల ఎకరాలకు పైగా సాగయ్యే ఈ పంటలో మొదటి తీత దసరా, దీపావళి మధ్యన మొదలవుతుంది. విచ్చిన కాయ మీద వాన పడితే దూది రంగు మారుతుంది, గింజ మొలుస్తుంది, అడుగు కాయలు కుళ్లుతాయి. భారత పత్తి సంస్థ మద్దతు ధర పూర్తిగా ఇచ్చేది 8 శాతం తేమ వరకే. ఆపైన 12 శాతం దాకా కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. ఆదిలాబాద్, వరంగల్ రైతులు మంచు ఆరాక పొద్దెక్కి ఏరాలని, ఏరిన పత్తిని ఒక ఎండ చూపాలని చెప్పుకునేది అందుకే. కూలీలు మాత్రం చల్లబాటు వేళలోనే ఏరడానికి వస్తారు. బెట్ట మీద ఉన్న చేనులో ఒక్కసారిగా పెద్ద వాన పడి నీరు నిలిస్తే నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్కలు ఒక్క రోజులో తలలు వాలుస్తాయి. అక్టోబరు చివరి నుంచి గులాబీ రంగు పురుగు ఉధృతి పెరుగుతుంది. లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు కొట్టక తప్పదని లెక్క.

అనంతపురం, కదిరి ప్రాంతాల్లో వేరుశనగ పీకే రోజులు కూడా ఇవే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఆ ప్రాంతంలో, కాయ ఊరే సెప్టెంబరులో చినుకు లేక, పీకిన తర్వాత ఆరబెట్టేటప్పుడు వాన పడడం రైతులు ఎన్నోసార్లు చూసిన కష్టం. అక్కడ వేసే గుత్తి రకాలకు నిద్రావస్థ దాదాపు లేదు, నేల తడిగా ఉంటే కాయ భూమిలోనే మొలుస్తుంది. బెట్టకు పగిలిన కాయలోకి బూజు చేరి, తడి ఆరకపోతే అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. గింజ ఎగుమతికి పనికిరాదు, ఆ గానుగపిండి తిన్న పాడిపశువు పాలలోకీ ఆ విషం దిగుతుంది. తడిసి నల్లబడిన శనగకట్టెను పశువులు ముట్టవు. రాయలసీమలో ఎండాకాలం మేత అదే కాబట్టి, అక్టోబరు వాన దెబ్బ ఏప్రిల్‌లో పశువు డొక్కల్లో కనిపిస్తుంది.

కందికి ఇది పూత కాలం. మబ్బు, పొగమంచు కలిస్తే పూత రాలుతుంది, మారుకా మచ్చల పురుగు పూతనూ పిందెనూ గూడు కట్టి తినేస్తుంది. ఆదిలాబాద్ సోయా, కర్నూలు ఉల్లి కోతకొచ్చే వేళ వాన పడితే గంటల్లోనే ధర పడిపోతుంది. గుంటూరు, ఖమ్మం మిరపతోటలు నీరు నిలిస్తే వేరుకుళ్లుతో వాడిపోతాయి. 2021 శీతాకాలం మొదట్లో వచ్చిన నల్ల తామరపురుగు పూతలో చేరి వేలాది ఎకరాల్లో కాయ లేకుండా చేసింది, కొందరు తోటలను పీకేశారు. మామిడికి అక్టోబరు, నవంబరుల్లో బెట్ట కావాలి. ఆ రోజుల్లో వాన పడితే చెట్టు పూమొగ్గకు బదులు కొత్త చిగురు వేస్తుంది, పూత వెనకబడుతుంది. అరకు లోయలో వలిసెలు పసుపు పూలతో కొండవాలు నిండేది ఈ చల్లదనానికే. కాఫీ పండు ఏరడం అక్కడ అప్పుడే మొదలవుతుంది.

తడి మీద విత్తే పంటలు

శరత్తు వాన నష్టమే తెస్తుందనుకుంటే తప్పు. ప్రకాశం, కర్నూలు జిల్లాల నల్లరేగడిలో శనగ ఈ తడి మీదే పండుతుంది. అక్టోబరు నుంచి నవంబరు మధ్యలోపు విత్తితే, ఆపైన ఒక్క తడి పెట్టకపోయినా భూమిలో దాచుకున్న నీటితో, రాత్రి మంచుతో పంట గట్టెక్కుతుంది. విత్తిన వారంలో భారీ వాన వస్తే విత్తనం కుళ్లి మళ్లీ విత్తుకోవలసి వస్తుంది, రెండో విత్తనం ఖర్చుకు పెట్టుబడి లెక్క తలకిందులవుతుంది.

కృష్ణా, గుంటూరు డెల్టాల్లో మాగాణి మినుముది ఇంకో చక్కని ఏర్పాటు. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే, బురద పదును మీద మినుము, పెసర విత్తనాలు చల్లుతారు. కోత అయ్యేసరికి మొలక లేస్తుంది. దున్నకం లేదు, నీరు లేదు. తుఫానుతో వరి కోత రెండు వారాలు ఆలస్యమైతే, లేదా తడినేలలో గొలుసు కోత యంత్రం తిరిగి మొలకలను తొక్కేస్తే, వరితో పాటు మినుము కూడా పోతుంది. ఒక్క వానకు రెండు పంటలు పోవడాన్ని నష్టం అంచనాలు తరచుగా పట్టించుకోవు.

పశువులు, జీవాలు

గేదెలకు పగటి పొద్దు తగ్గడం ఎద సంకేతం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువగా ఎదకు వస్తాయి, చూడి కాలం పది నెలల పైచిలుకు. అందువల్ల ఈ కార్తీకంలో కట్టిన గేదె వచ్చే వానాకాలం చివర ఈనుతుంది. ఈనిన గేదెలు, గట్ల మీద పచ్చిగడ్డి, ఎండ తగ్గుదల ఒకేసారి కలిసొచ్చి పాల దిగుబడి ఈ రోజుల నుంచే పుంజుకుంటుంది. రైతు పొలం పనుల హడావుడిలో ఉండి ఎద లక్షణాలు గమనించక ఒక్క ఎద తప్పిస్తే, ఇరవై రోజుల పాలు పోయినట్టే.

రోగాలకూ ఇదే అదను. చిత్తడిలో గేదెలకు గొంతువాపు వస్తుంది, జ్వరం, గురక, గొంతు కింద వాపుతో ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. దీనికి టీకా వానలకు ముందే వేయించాలి. వానలు వెనకబట్టాక గొర్రెలకు నీలినాలుక వస్తుంది. తడి పేడలో, బురదలో పుట్టే అతి చిన్న కుట్టు ఈగలు దీన్ని మోస్తాయి. పెదవులు, ముఖం వాచి, నోట్లో పుండ్లు పడి, నాలుక నీలంగా మారి, జీవం కుంటుతూ మేతకు దూరమవుతుంది. మందను రాత్రిపూట ఎత్తైన పొడి చోట ఉంచి, వేపాకు పొగ వేయడం కాపరులందరికీ తెలిసిన ఉపాయం, శాస్త్రం కూడా అదే చెబుతుంది. చెరువు నీరు వెనక్కి తగ్గుతున్న చోట లేత గడ్డి ఆశ పెడుతుంది, ఆ గడ్డిని అంటుకుని కార్జపు జలగ పిల్లలుంటాయి. నత్తల ద్వారా పెరిగే ఈ జలగ పశువు కార్జంలో చేరితే రెండు మూడు నెలలకు దవడ కింద నీరు దిగుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు ఇంకో ఆపద ఉంది. గిడసబారిన జొన్నలో, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకల్లో సైనైడు విషం చేరుతుంది. పల్లెల్లో దీన్నే నాము అంటారు. మేసిన గంటలోపే పశువు పడిపోతుంది.

తడిసి బూజు పట్టిన వరిగడ్డి వాములో పెడితే వేడెక్కి కుళ్లుతుంది. ఆరబెట్టకుండా వేస్తే పశువు ఆరోగ్యం చెడుతుంది. కోతలు ముగిశాక పాలమూరు నుంచి గొర్ల మందలు కాలువల కిందికి దిగి, ఖాళీ చేలల్లో రాత్రిళ్లు మంద పెడతాయి. కాపరికి మేత, రైతుకు ఎరువు. కోతలు ఆలస్యమైతే మందలు దారిలోనే ఆగిపోతాయి. భీమవరం చెరువుల్లో వనామీ రొయ్యకు మబ్బు పట్టిన తెల్లవారుజాములు గండం, నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు గట్టున చేరతాయి.

జూన్ తేదీ

సార్వా రకాల్లో పేరున్న స్వర్ణ, సాంబమసూరి రెండూ 145 నుంచి 150 రోజుల పంటలు. జూన్ 5న నారు పోస్తే 150వ రోజు నవంబరు 2. జూలై 5న పోస్తే డిసెంబరు 2. ఈ రెండు తేదీల మధ్య ఉన్నది సరిగ్గా తుఫాన్ల నెల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాలో నారు పోసే తేదీని రైతు కాక కాలువ నిర్ణయిస్తోంది. అందుకే 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధరతో పాటు నీటి విడుదల, మురుగు కాలువల బాగోగులు కూడా చర్చకు వచ్చాయి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక కృష్ణా డెల్టా నాట్లు ముందుకు జరిగే వీలు కలిగింది. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే నీరు వదిలారు. నవంబరు తుఫాన్ల లోపు కోత ముగించాలన్నదే అప్పుడు చెప్పిన కారణం. 120, 125 రోజుల్లో వచ్చే కాటన్‌దొర సన్నాలు, తెలంగాణ సోనా వంటి రకాలు ఆలస్యంగా నాటే చోట్ల ఇంకో దారి.

పంట బీమా గురించి ఒక మాట. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనల్లో, కోసి చేలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు తుఫాను, అకాల వర్షం నష్టానికి రక్షణ ఉంది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి. రాష్ట్రం ఆ పథకంలో ఉందో లేదో, తన పంట నమోదైందో లేదో రైతు దసరాలోపే కనుక్కోవాలి, వాన వెలిశాక అడిగితే ఫలితం ఉండదు.

నీటిపారుదల అధికారులకు డెల్టా రైతులు ఏటా పెట్టుకునే విన్నపం ఒక్కటే: కాలువల మరమ్మతులు, మురుగు కాలువల్లో గుర్రపుడెక్క తీత మే నెలాఖరుకు ముగించి, జూన్ మొదటి వారంలో చివరి ఆయకట్టు దాకా నీళ్లు ఇవ్వండి.